తడి గీత

పోయిన నెల మా వియ్యంకుడి మామిడి తోటలో బోరు మోటారు కాలిపోయింది. నేను ఆ రోజు అక్కడే ఉన్నాను. రెడ్డిగూడెం నుంచి ఒక మెకానిక్కు ఇద్దరు మనుషుల్ని వెంటబెట్టుకుని వచ్చాడు. ముప్ఫై ఏళ్లుంటాయేమో, నేనెప్పుడూ చూసిన మనిషి కాదు. మూడు కాళ్ల స్టాండు నిలబెట్టి, గొలుసు కప్పీ తగిలించి, పైపులు ఒక్కొక్కటే పైకి లాగిస్తున్నాడు. రెండో పైపు సగం బయటికి వచ్చిందో లేదో, చెయ్యి ఎత్తాడు.

"ఆగండి, ఆగండి. తడి గీత ఎక్కడుందో చూడనివ్వండి."

నేను కుర్చీలోంచి లేచాను. "ఏమన్నావు బాబూ?"

"తడి గీతండి. పైపు ఒక చోటు దాకా పొడిగా ఉంటుంది, అక్కణ్ణుంచి తడి. ఆ రెంటికీ మధ్య గీతలా కనపడుతుంది కదండి, బోరులో నీళ్లు అక్కడిదాకా ఉన్నట్టు. అది రాసుకోవాలి."

"ఆ మాట నీకెవరు చెప్పారు?"

"ఒకరు చెప్పేదేముందండి. అందరూ అదే అంటారు."

అందరూ అంటారట. ఆ మాటను ఈ చుట్టుపక్కల ఒకే ఒక్క మనిషి వాడుతున్న రోజులు నాకు తెలుసు. అప్పట్లో ఆయన ఆ మాట అంటే వెనక నవ్వుకునేవాళ్లం. ఆయన పోయి రెండేళ్లయింది. పేరు రాయను. రాసినా ఎవరూ గుర్తుపట్టరు, ఎందుకంటే తిరువూరులో ఆయన్ని పేరు పెట్టి పిలిచినవాళ్లను నేను చూడలేదు. మోటార్ల సాయిబు గారు అంటే చాలు, బస్టాండు దగ్గర ఎవరైనా కొట్టు చూపించేవాళ్లు.

సన్నగా, పొడుగ్గా ఉండేవాడు. మోచేతుల దాకా ఎప్పుడూ గ్రీజు. కానీ బోరులోంచి పైపు వస్తున్నప్పుడు మాత్రం కుడి చేతి బొటనవేలు గుడ్డతో శుభ్రంగా తుడుచుకునేవాడు. ఆ వేలు పైపు మీద ఆనించి పైనుంచి కిందికి నెమ్మదిగా జార్చేవాడు. ఆ కాసేపు ఎవరూ మాట్లాడకూడదు. లాగే మనుషులు గొలుసు పట్టుకుని చెమటలు కక్కుతూ నిలబడాల్సిందే. వేలికి చల్లగా తగిలిన చోట సుద్దముక్కతో గీత గీసి, అప్పుడు "ఊఁ, కానివ్వండి" అనేవాడు.

"కంటికి కనపడుతుంటే మళ్లీ వేలెందుకు సాయిబు గారూ?" అని అడిగాను ఒకసారి.

"ఎండలో కన్ను మోసపోతుంది మాస్టారూ. తడి సంగతి చర్మానికే తెలుస్తుంది."

ఎవరైనా కాలిన మోటారు తెచ్చి కొట్టు ముందు దించితే, మోటారు సంగతి తర్వాత, ముందు "తడి గీత ఎక్కడుంది?" అనే అడిగేవాడు. డాక్టరు ముందు చెయ్యి పట్టుకుని నాడి చూసినట్టు. చూడలేదంటే ముఖం ముడుచుకునేవాడు. ఇంకొక పట్టుదల కూడా ఉండేది. బోర్లో నీళ్లు లేవు అని ఆయన ఎన్నడూ అనలేదు. "నీళ్లు దిగాయి" అనేవాడు. దిగినవాళ్లు ఎప్పుడో ఒకప్పుడు మళ్లీ ఎక్కి వస్తారన్న ధీమా ఏదో ఆ మాటలో ఉండేది.

ఆయన కొట్టుకి షట్టరు లేదు. వరసగా తొమ్మిది చెక్క పలకలు. పొద్దున ఒక్కొక్కటే గాడిలోంచి తీసి గోడకు చేర్చేవాడు, సాయంత్రం మళ్లీ వరస తప్పకుండా పెట్టేవాడు. ఆ పలకల లోపలి వైపే ఆయన రాత. ఒక్కో ఊరికి ఒక పలక. మోటారు వైండింగుకు వాడే ఎర్ర వార్నీషులో పుల్ల ముంచి, ఎప్పుడు, ఎవరి బోరు, తడి గీత ఎన్ని పైపుల లోతున అన్నది రాసేవాడు. పైపు అంటే ఇరవై అడుగుల ఇనప పైపు. పైపు పోగా మిగిలింది జానల్లో. "పైపున్నర మీద రెండు జానలు" అంటే మా వాళ్లందరికీ అర్థమయ్యే లెక్క. మా బోరు లోతెంత అంటే మేం అడుగుల్లో చెప్పం, ఇన్ని పైపులు అంటాం. మా పెనుగొలనుది నాలుగో పలక.

ఇదంతా తొంభైల చివరి మాట. ఊరికి ఎగువన కొత్త మామిడి తోటలు లేస్తున్నాయి, తోటకో బోరు పడుతోంది. మోటార్లు కాలితేనే ఆయనకు పని. నీళ్లు దిగిన బోరులో ఉత్తినే తిరిగి తిరిగి కాలిపోయే మోటార్లే ఎక్కువ. అలాంటిది, నీళ్లు ఎక్కడున్నాయో ఊరూరా లెక్క రాసి, దాన్ని బట్టి జాగ్రత్త పడండి అని చెప్పడం ఆయన తిండికి ఆయనే ఎసరు పెట్టుకోవడం కాదా? ఆ మాటే అడిగాను. టీ సాసర్లో పోసుకుని ఊదుకుంటూ చెప్పాడు.

"ఎండిన బోర్లోంచి తీసిన మోటారు బాగుచేసి, మళ్లీ ఆ ఎండిన బోర్లోకే దించి రావడం సిగ్గుగా ఉంటుంది మాస్టారూ. పనోడికి సిగ్గుండాలి."

ఏటా దీపావళి దాటాక మా ఊరి రైతులు ఏదో ఒక పని మీద తిరువూరు వచ్చి, ఆ నాలుగో పలక ముందు నిలబడేవాళ్లు. రెండో పంటగా దాళ్వాకి వరి వేయొచ్చా, మినుముతో సరిపెట్టుకోవాలా? పోయినేడు ఇదే సమయానికి తడి గీత ఎక్కడుంది, ఇప్పుడెక్కడుంది, ఉగాదికి ఎంత దిగుతుంది అని ఆయన వేలితో చూపిస్తూ చెప్పేవాడు. మొదట నలుగురు విన్నారు, తర్వాత ఇరవై మంది. నేను తిరువూరు హైస్కూల్లో లెక్కల మాస్టారిని, పెనుగొలనులో ఐదెకరాలుంది. ఆయన అంకెలు నా కంటికి ముచ్చటగా ఉండేవి. చదువుకున్నవాణ్ణి కాబట్టి ఆయనకు నేనొక చేదోడు అని లోపల కొంచెం గొప్ప కూడా ఉండేది. ఆ గొప్పే మా కొంప ముంచింది.

ఒక ఏడాది వేసవిలో ఆయన స్టాండు మీంచి పడి కాలు విరగ్గొట్టుకున్నాడు. ఆర్నెల్లు మంచం. ఆ మధ్యలో నేను, నా పొలం పక్కనున్న ఇద్దరు రైతులు కలిసి విజయవాడ వెళ్లి కొత్త రకం ప్లాస్టిక్కు పైపులు తెచ్చి, వేరే మెకానిక్కు చేత మా మూడు బోర్లలోనూ దింపించాం. తేలిక, తుప్పు పట్టవు, బాగున్నాయి. దీపావళి ముందు మా ట్రాన్స్‌ఫార్మరు కింద కరెంటు ఎగుడుదిగుడై మూడు మోటార్లూ ఒక్కరోజే కాలాయి. పైకి తీస్తుంటే నేనే దగ్గరుండి తడి గీత చూశాను. బొటనవేలు కూడా తుడుచుకున్నాను, ఆయనలాగే. సాయంత్రం ఆయన మంచం పక్కన కుర్చీ వేసుకుని చెప్పాను.

"మూడుంపావు పైపులు. పక్క రెండూ కూడా అటూ ఇటుగా అంతే."

ఆయన ముఖం పాలిపోయింది. అంతకు ముందేడు అదే సమయానికి పైపున్నర దాటింది అంతే.

"వానలు బాగానే పడ్డాయి కదా మాస్టారూ. ఇంకోసారి చూస్తారా?"

"ఇరవై ఏళ్లుగా లెక్కలు చెబుతున్నాను సాయిబు గారూ. మూడు దాకా లెక్కపెట్టడం రాదా నాకు?"

ఎగువ తోటల బోర్లు లాగేస్తున్నాయేమో అనుకున్నాడు. పలక మంచం దగ్గరికి తెప్పించి రాశాడు. ఈ ఏడు పెనుగొలనులో ఎవరూ దాళ్వా వరి జోలికి పోవద్దని కబురు పంపాడు. ఇరవై కుటుంబాలు ఆయన మాట విని మినుము చల్లారు. నేనూ చల్లాను. వినని వాళ్లు వరి నాటారు.

ఉగాది వచ్చింది. బోర్లు ఎప్పట్లాగే పోస్తున్నాయి. వరి నాటినవాళ్లు పుట్లకు పుట్లు ఇంటికి చేర్చారు. మా మినుముకు తెగులు తగిలింది. ఊళ్లో మాకు తల ఎత్తుకునే పరిస్థితి లేదు. ఒకరోజు బడి వదిలాక నేరుగా ఆయన కొట్టుకి వెళ్లి, రోడ్డు మీద పోయేవాళ్లు ఆగి చూసేలా కేకలు వేశాను.

"పలక మీద నాలుగు గీతలు గీసినంత మాత్రాన ఇంజనీరువి అయిపోతావా సాయిబూ?"

ఆ రోజు 'గారు' మింగేశాను. ఆయన కర్ర ఆనుకుని నిలబడి అంతా విన్నాడు. "చూస్తాను మాస్టారూ, ఎక్కడ తేడా వచ్చిందో చూస్తాను" అన్నాడు.

మే నెలలో కుంటుకుంటూ మా పొలానికి వచ్చాడు. మోటారు బాగానే ఉంది, అయినా ఒకసారి పైకి తీయనివ్వండి, కూలి అడగను అన్నాడు. పైపు బయటికి రావడం మొదలవగానే ఆయన చెయ్యి ఆగిపోయింది. తీసిన పైపును నేల మీద పడుకోబెట్టించి, ఒక చివర కూర్చుని జానలతో కొలవడం మొదలుపెట్టాడు. పదమూడు జానలకే పైపు అయిపోయింది. ఇనప పైపైతే ఇరవై ఆరు దాటాలి.

"ఇవి పదడుగులవి మాస్టారూ. ఎప్పుడు వేయించారు?"

"నీకు కాలు విరిగినప్పుడు."

"దీపావళికి మీరు లెక్కపెట్టింది వీటినేనా?"

అవునని తలూపాను. మూడుంపావు పైపులు నిజమే. కానీ అవి పదేసి అడుగుల పైపులు. నీళ్లు ముందేడు ఎక్కడున్నాయో దాదాపు అక్కడే ఉన్నాయి. జవాబులో యూనిట్లు రాయని పిల్లాడికి నేను సున్నా వేసేవాణ్ణి. "పది ఏంట్రా? పది మేకలా, పది మైళ్లా?" అని క్లాసంతా నవ్వేలా అడిగేవాణ్ణి. ఆ రోజు ఆ గట్టు మీద నాకు నేనే సున్నా వేసుకున్నాను.

ఆయన గట్టు మీద చతికిలపడ్డాడు. మంచినీళ్లు అడిగి తాగాడు. తిడతాడని చూస్తున్నాను, తిట్టినా పడేవాణ్ణే. ఆయన ముఖం మెల్లగా విప్పారింది.

"అయితే నీళ్లు దిగలేదన్నమాట" అన్నాడు.

ఆ సంతోషం నేను మర్చిపోలేను. ఊరంతా తనను అబద్ధాలకోరు అంటున్న రోజుల్లో, ఆ మనిషికి ముందు తట్టింది తన పరువు కాదు, భూమిలో నీళ్లు క్షేమంగా ఉన్నాయన్న సంగతి. అంతకు ముందు ఆయనంటే నాకు ముచ్చట మాత్రమే. ఆ క్షణం నుంచి గౌరవం.

"తప్పు నాది సాయిబు గారూ. పైపులు మార్చిన సంగతి నేను చెప్పలేదు" అన్నాను.

"చెప్పేవాళ్లు వెయ్యి చెప్తారు. పైపు పొడుగెంతని రాసేవాడు అడగాలి. నేను అడగలేదు."

మర్నాడు సైకిలు మీద పెనుగొలను వచ్చి, ఆ ఇరవై ఇళ్లకూ వెళ్లాడు. గడప ముందు నిలబడి ఒకటే మాట. "పైపు కొలవకుండా రాశాను. తప్పు నాది. మీ పంట పోయింది నా వల్ల." నా పేరు ఎక్కడా ఎత్తలేదు. కొందరు నవ్వారట, కొందరు కడిగేశారట. రెండెకరాలు సొంతంగా సాగు చేసుకునే ఒక పెద్దమ్మ మా వీధి చివర ఉండేది. ఆవిడ తిట్టినంతసేపు తిట్టి, మజ్జిగ ఇచ్చి పంపిందట. నేను మాత్రం ఆయన వెంట వెళ్లలేదు. ఎండ తీవ్రంగా ఉందని ఇంట్లో కూర్చున్నాను. ఎండ కాదని నాకూ తెలుసు.

పలక మీద ఆ అంకెను ఆయన చెరపలేదు. దాని పక్కనే ఎర్ర వార్నీషుతో 'కొలవకుండా రాశాను. తప్పు నాది' అని రాశాడు. ఆ తర్వాత పైపుల లెక్కే మానేశాడు. సైకిలు బెల్లు డొప్ప ఒకటి తీసుకుని, దానికి సన్నటి నైలాను తాడు కట్టి, తాడుకు అడుగుకో ముడి వేశాడు. డొప్ప బోర్లించి బోరు గొట్టంలోకి దించితే, నీళ్లను తాకగానే అడుగు నుంచి 'టుప్' మని వినిపిస్తుంది. మోటారు కాలేదాకా ఆగక్కర్లేదు. నెలలో మొదటి శుక్రవారం నమాజు కాగానే సైకిలెక్కి, ఊరికి మూడు బోర్లు తానే స్వయంగా చూసుకుని వచ్చేవాడు. పలక మీద అంకె పక్కన ఇప్పుడు 'అడుగులు' అని పూర్తిగా రాసేవాడు. పొట్టి అక్షరాలు పెట్టడం ఆయనకు ఇష్టం లేదు.

నాలుగేళ్లు గడిచాయి. వరసగా రెండేళ్లు వానలు మొహం చాటేశాయి. నెలనెలా అంకె పెరుగుతోంది. అయినా మా ఊళ్లో దాళ్వా వరికి నారు పోసేశారు. ముగ్గురు రైతులు కలిసి కొత్త బోర్లకు బండి మాట్లాడుకున్నారు, వాళ్లను చూసి ఇంకో పదిమంది. ఊరి తాగునీటి బోరుకు కూతవేటు దూరంలో ఆ బోర్లు పడబోతున్నాయి. ఆ కబురు తెలిసి ఆయన నాలుగో పలక ఊడదీసుకుని పెనుగొలను బయలుదేరాడు. ఆ బస్సులో నేనూ ఉన్నాను. పలక టాపు మీద వేయించుకుంటుంటే కండక్టరు అడిగాడు.

"తలుపెక్కడికి సాయిబు గారూ?"

"తలుపు కాదు బాబూ. పెనుగొలను."

కండక్టరుకు అర్థం కాలేదు, లగేజీ టికెట్టు మాత్రం కొట్టాడు. ఆ రోజు కొట్టుకు ఆ పలక చోట గోనె పట్టాయే దిక్కయింది.

పెనుగొలను బడి వరండాలో నలభై యాభై మంది చేరారు. ఆయన పలక గోడకు ఆనించి అంకెలు చదివాడు. ఇలాగే వరి వేసి, కొత్త బోర్లు దింపితే, ఉగాదికి తాగునీటి బోరు కూడా ఆగిపోతుంది, మామిడి మొక్కలు బతకవు అన్నాడు. బోరు బండి మాట్లాడినవాళ్లలో ఒక కుర్ర రైతు లేచాడు.

"అప్పుడొకసారి ఇలాగే చెప్పి మా నాన్న చేత మినుము వేయించావు సాయిబూ. ఇల్లిల్లూ తిరిగి తప్పు నాదని నువ్వే ఒప్పుకున్నావు."

"ఆ తప్పు కూడా పలక మీదే ఉంది బాబూ. దాచలేదు, చదువుకో."

"ఇప్పుడు చెప్పేది తప్పు కాదని నమ్మకమేంటి?"

నమ్మండి అని అడిగే మనిషి కాదు ఆయన. వార్నీషు అంటిన వేళ్లతో పలక అంచు పట్టుకుని అలా నిలబడ్డాడు. వరండాలో గుసగుసలు మొదలయ్యాయి. వెనక వరసలో ఇద్దరు లేచి తువ్వాళ్లు దులుపుకుంటున్నారు. ఇంకో నిమిషం ఆగితే ఆ పలక తిరిగి తిరువూరు బస్సెక్కేది, ఊరి నీళ్లు కొత్త బోర్లపాలయ్యేవి. నాలుగేళ్లు కడుపులో దాచుకున్నది ఇక దాచలేకపోయాను.

"ఆ తప్పు ఆయనది కాదు" అన్నాను లేచి. "పదడుగుల పైపులు వేసుకుని, ఉత్త పైపులు అని చెప్పింది నేను. ఆయన మళ్లీ చూడమన్నా చూడలేదు. నా మాట నమ్మి రాశాడు. నన్ను కాపాడటానికి నాలుగేళ్లు నోరు మూసుకున్నాడు."

నా దగ్గర చదువుకున్నవాళ్లు పదిమంది ఉన్నారు అక్కడ. పెద్దమ్మ నన్ను కింది నుంచి పైకి చూసింది.

"తలకాయ నెరిశాక చెప్పావా నాయనా. సరే, కూర్చో" అంది. ఆయన వైపు తిరిగి, "ఇప్పుడు దేంతో కొలుస్తున్నావు సాయిబూ?" అని అడిగింది.

ఆయన సంచీలోంచి బెల్లు డొప్ప, తాడు తీశాడు. అందరం బడి వెనక తాగునీటి బోరు దగ్గరికి నడిచాం. తాడు తాను పట్టుకోకుండా ఆ కుర్ర రైతు చేతికే ఇచ్చాడు. "నువ్వే దించు. ముడులు నువ్వే లెక్కపెట్టు. పైకి చెప్పు." అంతమంది ఉన్నా చిన్న చప్పుడు లేదు. ముడి తర్వాత ముడి జారుతోంది. యాభై ఎనిమిది అన్నాక లోపలి నుంచి 'టుప్' మని వినపడింది. ఆ బోరుకు ఆ నెల పలక మీద రాసిన అంకె యాభై ఎనిమిది అడుగులే.

ఆ కుర్రాడు తాడు పైకి లాగి, చుట్ట చుట్టి, ఆయన చేతిలో పెట్టాడు. "బండి వాడికి రావద్దని చెప్తాన్లెండి, సాయిబు గారూ" అన్నాడు. ఆ 'గారు' నా చెవికి ఎంత హాయిగా ఉందో చెప్పలేను.

ఆ ఏడు మా ఊళ్లో కొత్త బోరు పడలేదు. పోసిన నారు పశువులకు మేపి, పెసర వేసుకున్నారు. బోర్లు వంతులేసుకుని రోజు విడిచి రోజు నడిపాం. నెలనెలా ఆయన అంకె చెప్పేవాడు, దాన్ని బట్టి వంతులు మార్చుకునేవాళ్లం. మాఘంలో నీళ్లు అనుకున్నంత దిగలేదని తేలితే, "బిగించింది చాలు, మొక్కలకు ఇంకో తడి ఇచ్చుకోండి" అని ఆయనే వచ్చి చెప్పాడు. వద్దనడం ఒక్కటే కాదు, ఇవ్వొచ్చని చెప్పడం కూడా ఆ పలకకు తెలుసు. చుట్టుపక్కల ఊళ్లకు ట్యాంకర్లు తిరిగిన ఆ వేసవిలో మా పెనుగొలను తాగునీటి బోరు ఒక్కరోజు ఆగలేదు. మా ఊరికి అలాంటి మనిషి దొరికాడని ఇప్పటికీ రొమ్ము విరుచుకుని చెప్పుకుంటాను.

బడి వరండాలో మీటింగు జరిగిన రోజే, అంతా అయ్యాక వార్నీషు పుల్ల ఇమ్మని అడిగాను. 'తప్పు నాది' అన్న చోట దిద్దుదామని.

"దిద్దకూడదు మాస్టారూ. ఒకటి దిద్దితే మిగతావి ఎవరు నమ్ముతారు?" అని పలక భుజానికెత్తుకున్నాడు.

పోయేదాకా మొదటి శుక్రవారం ఏదీ మానలేదు. ఎక్కడెక్కడ తిరిగాడో, ఎంతమందికి నేర్పాడో నాకు తెలియదు. వియ్యంకుడి తోటలో ఆ మెకానిక్కు జేబులోంచి పుస్తకం తీసి 'ముప్ఫై నాలుగు అడుగులు' అని రాసుకుంటుంటే తొంగి చూశాను. అడుగులు అని పూర్తిగా రాశాడు.

"అడుగులు అని తప్పకుండా రాయాలండి" అన్నాడు నేను చూడటం చూసి. "వెనక తిరువూరులో ఒక సాయిబు గారు పైపులని రాసి పెద్ద పొరపాటు చేశారంట. ఒక ఊరి పంటే పోయిందంట. నాలాగా చేయకండి అని ఆయనే ఊరూరా చెప్పుకునేవారంట."

ఎండ కళ్లల్లో పడుతోంది. కళ్లజోడు తీసి తుడుచుకున్నాను.

"పొరపాటు చేసింది సాయిబు గారు కాదు బాబూ. లెక్కల మాస్టారు."

"ఏ మాస్టారండి?"

"నేనే. అది కూడా రాసుకో."